అడ్వాన్సు తిరిగి ఇచ్చేదాకా: శ్రీకాకుళంలో ఇల్లు అద్దెకిచ్చిన నా అనుభవం

ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, శ్రీకాకుళంలోని మా ఇంటి పై పోర్షన్‌ను అద్దెకు ఇవ్వాలని నిశ్చయించుకుని, టు-లెట్ బోర్డు కంటే ముందు మేస్త్రీని పిలిపించాను. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న మా జిల్లాలోనే తీరం దాటాయి కాబట్టి, ఇక్కడ డాబా మరమ్మతు ఎండాకాలంలోనే ముగించవలసిన పని. పిట్టగోడ వెంబడి పగుళ్లు పూడ్పించి, వాన నీటి గొట్టాలు శుభ్రం చేయించిన తరువాతే రంగు వేయించాను. కారే స్లాబును రంగుతో కప్పి అద్దెకిచ్చేవారు లేకపోలేదు గాని, మామూలుగా చూస్తే కనిపించని ముఖ్యమైన లోపం యజమానికి తెలిసి ఉంటే దాన్ని ముందే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను అంటుంది.

రెండు కుటుంబాలకు ఒకే కరెంటు మీటరు ఉంటే యూనిట్లన్నీ కలిసి ఎక్కువ ధర ఉండే శ్లాబులోకి చేరి, యూనిట్ ధర పెరుగుతుంది; ఆ పెరిగిన సొమ్ము ఎవరు భరించాలన్న తగవు ప్రతి నెలా తప్పదు. అందుకని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పై పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించాను. నీళ్ల మోటారు మాత్రం మా మీటరు మీదనే ఉంచాను.

ఇల్లు చూడవచ్చినవారిని మా వైపు మొదట అడిగే ప్రశ్న "మీరెవుళ్లండీ?" అని, అంటే ఏ కులమని. అది నేను అడగలేదు. ఎంతమంది ఉంటారు, బళ్లు ఎన్ని, ఉద్యోగం ఎక్కడ అన్నవే నాకు కావలసిన వివరాలు. చివరకు బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగికి, నెలకు 9,000 రూపాయల అద్దెకు, రెండు నెలల అడ్వాన్సుతో ఇచ్చాను. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు ఉండరాదనే సూచించింది.

ఒప్పందం దగ్గర ఎక్కువ సమయం పట్టింది. అందరిలాగే మేమూ 11 నెలలకే రాసుకున్నాం. దస్తావేజు లేఖరి దగ్గరున్న నమూనాలో "యజమాని కోరిన వెంటనే ఖాళీ చేయవలెను" అన్న వాక్యం ఉంది. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోయినా నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చట్టమే ఇస్తుంది. బడికి వెళ్లే పిల్లవాడున్న ఇంటికి అదైనా ఏం సరిపోతుంది? ఆ వాక్యం కొట్టించి, ఇరువైపులా ఒక నెల నోటీసు అని రాయించాను. స్లాబు, గొట్టాలు, వైరింగు, మోటారు నా బాధ్యత. బల్బులు, కుళాయి వాషర్లు వారి బాధ్యత. నేను చేయించవలసిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, వారే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇది చట్టంలో ఉన్నదే, కాని కాగితం మీద పెట్టమనేసరికి "మాస్టారూ, ఇలాంటివి యజమానులెవరూ రాయించుకోరండీ" అని లేఖరి కలం ఆపేశాడు. రాయించాను. ఫ్యాన్లు, స్విచ్చులు, కుళాయిలు, తాళంచెవులు ఏ స్థితిలో ఉన్నాయో జాబితా జతచేసి, గది గదికీ ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకున్నాం.

ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం ఆయన రసీదులతో పాటు నా పాన్ నంబరు అడిగారు, ఏడాది అద్దె లక్ష దాటితే అది ఇవ్వాలి. పాన్ అనగానే వెనక్కి తగ్గే యజమానులు చాలామంది ఉన్నారు. నిజానికి అద్దె ఆదాయంలో మనం కట్టిన ఇంటి పన్ను పోగా, మిగిలినదానిలో 30 శాతం ఖర్చులతో నిమిత్తం లేకుండా తగ్గుతుంది. దాచుకున్నందువల్ల మిగిలేది స్వల్పం. డాబా మెట్లు వారి వరండాలోంచే వెళ్తాయి కాబట్టి, వడియాలు ఎండబెట్టుకోవాలన్నా మా ఆవిడ ముందుగా వారికి ఫోన్ చేసేది.

ఆయనకు మళ్లీ బదిలీ అయి ఖాళీ చేసినప్పుడు, ఆ జాబితా పట్టుకుని ఇద్దరం ఇల్లంతా తిరిగాం. రంగు పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల వాడుకగా ఉంది. వంటింటి పొగ, గోడ మీద పిల్లవాడి పెన్సిలు గీతలు కాపురం వల్ల వచ్చే సహజమైన అరుగుదల అనీ, దాని భారం యజమానిదేననీ నా అభిప్రాయం. రంగుకు ఒక్క రూపాయి పట్టలేదు. పగిలిన వాష్‌బేసిన్ మాత్రం వేరు. దాని ధర, ప్లంబరు కూలి బిల్లులు చూపించి మినహాయించాను. మీటరు రీడింగు కలిసి చూసుకుని, రావలసిన కరెంటు బిల్లు లెక్కకట్టి, మిగిలినది సామాను లారీ కదలకముందే ఆయన ఖాతాకు పంపాను. "కొత్తవాళ్లు దిగాక ఇస్తాం" అని తిప్పించుకునే ఇళ్లు ఆయన అదివరకు చూశారట. ఆ 18,000 రూపాయలను మొదటి రోజు నుంచీ వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచి ముట్టుకోలేదు కనుక, నాకు ఎవరి అడ్వాన్సు కోసమూ ఎదురుచూడవలసిన అవసరం రాలేదు.