సాలిటాన్ థీసిస్, 38 శాతం 'కాపీ': నా అనుభవం

నిన్ననే థీసిస్ సబ్మిట్ చేశాను. కోపం ఇంకా చల్లారలేదు, అది చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది ఆప్టికల్ ఫైబర్‌లో సాలిటాన్ పల్స్‌ల మీద పని. మామూలు కాంతి పల్స్ ఫైబర్‌లో పోయేకొద్దీ డిస్పర్షన్ వల్ల, అంటే అందులోని వేర్వేరు రంగులు వేర్వేరు వేగాలతో పోవడం వల్ల, వెడల్పవుతూ పోతుంది. కాంతి తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకం కూడా కొద్దిగా మారుతుంది. 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఈ రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకునేంత పవర్ ఇస్తే పల్స్ ఆకారం చెదరదు. అదే సాలిటాన్. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో 7 పికోసెకన్ల పల్స్‌కి సుమారు ఒక వాట్ పీక్ పవర్ సరిపోతుంది.

కోర్స్‌వర్క్, సెమినార్లు, పేపర్లు అన్నీ సాఫీగానే అయ్యాయి. సిమ్యులేషన్ కోడ్ మొత్తం నేనే రాశాను. ఫైబర్‌లో సాలిటాన్లను మొదట ప్రయోగంలో చూపిన మాలెనవర్ బృందం 1980లో 700 మీటర్ల ఫైబర్‌లో చూసిన పల్స్ సన్నబడటం, పవర్ పెంచితే చీలడం నా గ్రాఫుల్లో అచ్చం అలాగే వచ్చాయి. గొప్పకే చెబుతున్నాను, చెప్పుకోనివ్వండి.

అసలు కథ లైబ్రరీలో. ప్లేజియరిజం రిపోర్ట్ 38 శాతం వచ్చింది. కౌంటర్ దగ్గర జూనియర్లంతా నిలబడి ఉండగా క్లర్క్ గొంతు పెంచి, "ఏమ్మా, ఇంత కాపీ కొట్టి డాక్టరేట్ ఎలా అడుగుతారు?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. 10 దాటి 40 లోపు ఉంటే సవరించి మళ్ళీ ఇవ్వాలి, దానికి ఆరు నెలల వరకు గడువు ఉంటుంది. నా ఫెలోషిప్ అప్పటికే ఆగిపోయింది.

ఇంటికొచ్చి రిపోర్ట్ తెరిస్తే మొదటి చాప్టర్ అంతా ఎరుపే, అంటే ఇంకెక్కడో ఉన్న రాతతో కలిసిందని గుర్తు. 1834లో స్కాట్ రసెల్ ఎడిన్‌బరా దగ్గర యూనియన్ కాలువలో ఆకారం చెదరని అల వెంట గుర్రం మీద వెళ్ళిన సంగతి ఎరుపు. సాలిటాన్ మీద రాసేవాళ్ళు అది చెప్పకుండా ఎలా మొదలుపెడతారు? ఫైబర్‌లో పల్స్ ప్రయాణాన్ని లెక్కగట్టే నాన్‌లీనియర్ ష్రోడింగర్ సమీకరణం, కింద గుర్తుల వివరణ ఎరుపు. ఫైబర్‌లో సాలిటాన్ సాధ్యమని ముందే చెప్పిన హసెగావా, టాపర్ట్ 1973 పేపర్ రిఫరెన్స్ లిస్టులో ఉంటే అదీ ఎరుపే! నా సొంత పేపర్లలోని పేరాల సంగతి సరేసరి.

"ఇంగ్లీషు మార్చి రాసుకురండి" అని క్లర్క్ సలహా. గేటు బయట జిరాక్స్ షాపువాడైతే డబ్బిస్తే శాతం తగ్గించి ఇస్తానన్నాడు. వాళ్ళకి మాత్రం ఇవ్వకండి, టెక్నికల్ పదాలన్నీ పాడుచేస్తారు. పైగా నిజంగా కాపీ కొట్టినవాళ్ళు ఇలాంటి దారుల్లోనే దర్జాగా బయటపడుతున్నారు, టెన్షనంతా సొంతంగా రాసినవాళ్ళకే.

ప్లేజియరిజం మీద యూజీసీ 2018 నిబంధనలు డౌన్‌లోడ్ చేసి చదివాను. రిఫరెన్సులు, విషయసూచిక, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయాల్లో వరసగా 14 పదాల వరకు కలిసినా తప్పు కాదు. క్లర్క్ వీటిని లెక్కలోంచి తీసేసే ఒక్క ఫిల్టర్ కూడా పెట్టకుండానే రిపోర్ట్ తీశాడు.

ఆ పేజీలు ప్రింట్ తీసి, అండర్‌లైన్ చేసి, సొంత పేపర్ల గురించి మా గైడ్ గారి లెటర్ జతచేసి నేరుగా లైబ్రేరియన్ గారి దగ్గరికెళ్ళాను. మీరూ కౌంటర్‌తో వాదించకండి, కాగితం పట్టుకుని పైకే వెళ్ళండి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఫిల్టర్లు టిక్ చేసి మళ్ళీ రన్ చేయించారు. 8 శాతం.

సర్టిఫికెట్ మీద స్టాంపు మాత్రం ఆ క్లర్కే వేయాలట. వేస్తూ, "ఈ 14 పదాల సంగతి ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.