యుద్ధఖైదీని ఇంట్లో దాచడమంటే: ఇటలీ, 1943

1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగుబాటు ప్రకటన వెలువడేసరికి అక్కడి శిబిరాల్లో దాదాపు 80,000 మంది మిత్రదేశాల సైనికులు ఖైదీలుగా ఉన్నారు. మిత్రదేశాల సైన్యం వచ్చేదాకా శిబిరం దాటొద్దని వాళ్లకు లండన్ నుంచి ముందే రహస్య ఆదేశం అందింది. ఎంత పెద్ద తప్పు! ఆ మాట విని ఆగిన వేలమందిని, లొంగుబాటు వెంటనే ఇటలీని ఆక్రమించిన జర్మన్లు రైళ్లెక్కించి తీసుకుపోయారు. దాదాపు 50,000 మంది మాత్రం బయటపడ్డారు. వాళ్లు తట్టిన తలుపులు ఎక్కువగా పంటలో సగం భూస్వామికి కొలిచిచ్చే కోరు రైతులవి.

ఈ రైతుల ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. కానీ రోజూ మోయాల్సిన బరువు ఇంటి చాకిరీది, అది పడింది ఆడవాళ్ల మీద. రేషన్‌లో మనిషికి రోజుకు 150 గ్రాముల రొట్టే వచ్చేది. అందుకే ఖైదీలకు పెట్టే తిండి భూస్వామి లెక్కకు, ప్రభుత్వ సేకరణకు చిక్కకుండా మిగుల్చుకున్న గింజల్లోంచి రావాలి. పిండి ఎక్కువ పట్టించినా, రొట్టెలు ఎక్కువ కాల్చినా ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. మిలిటరీ చొక్కా ఉతికి దండెం మీద ఆరేస్తే ఇక చెప్పేదేముంది? ఖాకీ విప్పించి ఇంటి మగవాళ్ల పాత బట్టలు తొడిగేవాళ్లు. అయితే మామూలు దుస్తుల్లో పట్టుబడితే గూఢచారి అనుకుని కాల్చేయవచ్చు, కాబట్టి సైనిక గుర్తింపు బిళ్ల మాత్రం ఖైదీ దగ్గరే ఉండాలి. బూట్లు మార్చడం ఇంకా కష్టం, సైజు కుదరదు, అదనపు జత ఉండదు.

చలికాలంలో వెచ్చగా ఉండేది పశువుల కొట్టమే, ఎద్దుల ఒంటివేడి వల్ల. సోదాకొచ్చినవాళ్లు వెతికేదీ అక్కడే. అందుకని పగలు గుహల్లోనో పొదల్లోనో ఉంచి చీకటి పడ్డాక లోపలికి తెచ్చేవాళ్లు. మంచు పడిందంటే ఈ ఏర్పాటూ చెడుతుంది, అడుగుజాడలే దారి చూపిస్తాయి. అవెజ్జానో శిబిరంలోని భారతీయ సైనికుల్లాంటి వాళ్లను ఊరివాళ్లలో కలిపేయడం మరీ కష్టం.

పట్టిస్తే 1,800 లీరాల బహుమతి, దాస్తే మరణశిక్ష అని జర్మన్లు గోడల మీద అంటించారు. గత్తాతీకోలో ఖైదీలకు ఆశ్రయమిచ్చిన రైతులు, చేర్వీ అన్నదమ్ములు ఏడుగురినీ ఇటలీ ఫాసిస్టులు నవంబర్‌లో పట్టుకుని, డిసెంబర్ 28న రెజ్జో ఎమీలియాలో కాల్చిచంపారు. వాళ్లు ఫాసిస్టు వ్యతిరేక పోరాటంలోనూ ఉన్నారు.

వెళ్లేముందు చాలామంది ఖైదీలు తమ పేరు, సైనిక నంబరు, ‘ఈ ఇల్లు నన్ను ఆదుకుంది’ అన్న మాట చీటీ మీద రాసిచ్చేవాళ్లు. సోదాలో దొరికితే ఆ చీటీ ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. అయినా దాచారు. రోమ్ విముక్తి తర్వాత ఖైదీలకు ఎవరు సాయం చేశారో విచారించడానికి మిత్రదేశాలు వేసిన స్క్రీనింగ్ కమిషన్ ఆ చీటీల్లాంటి ఆధారాలు చూసి ప్రశంసాపత్రాలు, పరిహారం ఇచ్చింది.