నాన్నగారి స్లాబు, నా కెమిస్ట్రీ

మా కాకినాడ ఇంట్లో అమ్మ గది పైకప్పుకి ఒక మరక ఉండేది. సంక్రాంతికి రంగులు వేయిస్తే పోయేది, శ్రావణమాసం వానలకి మళ్ళీ తేలేది. ఇంటికొచ్చినవాళ్ళెవరైనా అటువైపు చూస్తే అమ్మ "అదా, అది ఎప్పట్నుంచో ఉందిలే" అనేసేది. పోయిన వానాకాలం సరిగ్గా అక్కడే పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. అమ్మ అప్పుడు పెరట్లో పూలు కోస్తోంది కాబట్టి సరిపోయింది.

స్టూలెక్కి చూశాను. రెండు చువ్వలు బయటపడ్డాయి. గోటితో గీకితే తుప్పు తాపేశ్వరం మడత కాజా పొరల్లా ఊడి వస్తోంది.

ఇలాంటప్పుడు సలహాలకి కరువుండదు. రంగులు వేసే అతను పుట్టీ కొట్టి డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు వేస్తే చాలన్నాడు. వాటర్‌ప్రూఫింగ్ చేస్తామంటూ వచ్చిన కుర్రాడు డాబా ఎక్కకుండానే చదరపు అడుగుకి రేటు చెప్పి, పదేళ్ళ గ్యారంటీ అన్నాడు. డాలస్ నుంచి మా తమ్ముడు "అక్కా, నలభై ఏళ్ళు దాటిన ఇల్లు, దానికి డబ్బు పోయడం దేనికి? బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తే రెండు ఫ్లాట్లొస్తాయి" అన్నాడు. వాడి లెక్క వాడిది. అమ్మ లెక్కలో ఆ ఇల్లు ఇంకా కొత్తదే.

చివరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక రిటైర్డ్ ఇంజినీరుగారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన తిన్నగా డాబా ఎక్కి, తీరిగ్గా తిరిగి చూసి, తర్వాత కిందికొచ్చారు. చిన్న సుత్తి పుచ్చుకుని పైకప్పంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్ళారు. బాగున్నచోట ఖంగుమంది. మరక చుట్టూనే కాదు, మరకే లేని కిటికీ వైపు కూడా డొల్లగా మోగింది. ఆ డొల్ల ఉన్నంతమేరా సుద్దతో గీత గీశారు. మరక కంచమంత, గీత మంచమంత.

తర్వాత ఆయన సంచీలోంచి తీసిన సీసా చూసి నాకు నవ్వొచ్చింది. ఫినాఫ్తలీన్! క్షారం తగిలితే గులాబీ రంగుకి తిరిగే ద్రావణం. ఇంటర్ పిల్లల చేత ఏళ్ళ తరబడి టైట్రేషన్లు చేయించినదాన్ని, దాన్ని నాకు పరిచయం చేయాలా? కాంక్రీటు కొంచెం చెక్కి, ఆ తాజా ముఖం మీద చల్లారు. లోపలి భాగం గులాబీ రంగుకి తిరిగింది. కింది అంచు నుంచి చువ్వ ఉన్న లోతు వరకు మాత్రం ఏ రంగూ రాలేదు.

క్లాసులో అయితే ఇలా చెప్పేదాన్ని. సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం, పుడుతుంది. అందుకే మంచి కాంక్రీటు పీహెచ్, అంటే క్షారం ఎంతుందో చెప్పే సంఖ్య, 12 పైన ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర ఒకటి ఏర్పడి, తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి ఇంకుతూ ఆ సున్నాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మార్చేస్తుంది. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తెల్లబడుతుందే, అదే చర్య. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయాక ఇనుముకి ఆ కాపలా పోతుంది. ఇక నీరు, ఆక్సిజన్ అందడమే తరువాయి. తుప్పుకి అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. అది ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటుని నెట్టేస్తుంది. పెచ్చు ఊడటానికి కారణం అదీ.

పైగా మాది సముద్రం ఊరు. గాలిలో వచ్చే ఉప్పులోని క్లోరైడ్లు, గులాబీ రంగు వచ్చిన చోట కూడా, ఆ పొరకి చిల్లులు పెడతాయి. "పింక్ వచ్చిందని సంబరపడకండి మేడమ్, మన తీరంలో ఈ టెస్టు సగం సంగతే చెబుతుంది" అన్నారాయన. చువ్వ కింద కాంక్రీటు మందం, కవర్ అంటారు, అది ఎంత ఉంటే అంత కాలం ఆగుతుందట. కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 కోడును 2000లో సవరించాక మామూలు వాతావరణానికే 20 మిల్లీమీటర్లు ఉండాలి. తీరంలో అయితే ఉప్పుగాలి తగిలేదాన్ని బట్టి 30 నుంచి 45. నాన్నగారి స్లాబులో కొన్నిచోట్ల 10 కూడా లేదు. ఆ మందం కోసం పెట్టే కవర్ బ్లాకుల బదులు చువ్వల కింద కంకర రాళ్ళు ఎత్తు పెట్టినట్టున్నారు.

"అప్పటి మేస్త్రి మోసం చేశాడన్నమాట" అన్నాడు తమ్ముడు వీడియో కాల్‌లో. నేనొప్పుకోను. నాన్నగారి ట్రంకుపెట్టెలో ఈ ఇంటి ఫైలుంది. స్లాబు వేసింది 1981లో. అప్పుడు సిమెంటు కంట్రోలు సరుకు, ప్రభుత్వం పర్మిట్టు ఇస్తేనే దొరికేది. 1982 ఫిబ్రవరిలో కొంత సడలించారు, పూర్తిగా ఎత్తేసింది 1989లో. ఫైలు నిండా అర్జీలే, వాటి మీద పచ్చసిరా సంతకాలు. ఒక కాగితం మీద పర్మిట్టులో వచ్చిన బస్తాలు, వాడినవి, వర్షానికి గడ్డకట్టినవి అని మూడు వరసలు గీసి, అర బస్తాతో సహా నాన్నగారు రాసుకున్నారు. గడ్డకట్టిన బస్తా ఎదురుగా ఎర్ర సిరాతో రెండు గీతలు. అలాంటి రోజుల్లో స్లాబు మందం అరంగుళం పెంచండి అనే ధైర్యం ఏ మేస్త్రికి ఉంటుంది? చువ్వలు కూడా అప్పటివే, మెలితిప్పిన టార్ స్టీలు.

నీళ్ళ సంగతికొస్తే, అది 1996 నవంబరు తుఫానుతో మొదలైంది. మామిడికొమ్మ విరిగిపడి పిట్టగోడ పగిలింది. దాన్ని అతికించినప్పుడు పనిలో పనిగా డాబా అంతా సిమెంటు పూత పూయించారు. దానిమీద తర్వాత మరొకటి. పూత మీద పూత పడేసరికి వాలు తిరగబడి, నీళ్ళు తూముకి బదులు అమ్మ గది నెత్తిన చేరుతున్నాయి. ఇంజినీరుగారు ఒక బిందెడు నీళ్ళు కుమ్మరించి చూపించారు. "పైన ఆపకుండా కింద ఎంత పూసినా దండగేనండి అమ్మగారూ" అన్నాడు మా తాపీమేస్త్రి, ఆ నీళ్ళ పోకడ చూస్తూ.

పని మొదలయ్యింది కూడా డాబా మీదే. ఆ పూతలన్నీ తీసేస్తే ట్రాక్టరుకి ఎత్తాల్సినంత రబ్బిషు వచ్చింది. అంత బరువు ఇన్నాళ్ళూ ఆ స్లాబు మీదే ఉంది. గదిలో స్లాబుకి ఊతంగా స్టీలు జాకీలు నిలబెట్టాకే చెక్కడం మొదలెట్టనిచ్చారు, అదీ ఒక వరస తర్వాత ఒక వరస. చువ్వ వెనకాల వేలు దూరేంత చెక్కి, ఇనుము తెల్లగా మెరిసే వరకు వైరు బ్రష్షుతో రుద్దించారు. సుద్దగీత దాటి కూడా జానెడు మేర చెక్కమంటే మేస్త్రి గొణిగాడు. నాకు మాత్రం అర్థమైంది. ఒకే చువ్వ కొంత కొత్త కాంక్రీటులో, కొంత ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో ఉంటే అదొక బ్యాటరీ సెల్‌లాంటిది అయిపోతుంది, పాత వైపు ఆనోడై, అంటే కరిగిపోయే కొసై, ఇంకా వేగంగా తుప్పు పడుతుంది. అతుకు పక్కనే రెండేళ్ళకి మళ్ళీ పెచ్చులూడటం చాలామంది ఇళ్ళలో చూసేది దీనివల్లే.

ఇంజినీరుగారు వెర్నియర్ పెట్టి కొలిస్తే 10 మిల్లీమీటర్ల చువ్వ ఒకచోట 7 ఉంది. మూడోవంతు పోయింది అనుకుంటాం, కానీ వైశాల్యం లెక్కేస్తే సగం పోయినట్టు. అలాంటి చోట్ల పక్కన కొత్త టీఎంటీ చువ్వ కట్టారు. జింకు ప్రైమరు, దాని మీద పాతా కొత్తా అతుక్కునేందుకు బాండింగ్ కోటు, పాలిమర్ కలిపిన మాలు పొరలు పొరలుగా. పైన డాబాకి వంద అడుగులకి ఒక అడుగు లెక్కన వాలు పెట్టి, కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తూములు మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూశాం. కింద ఎక్కడా చెమ్మ రాలేదు.

మధ్యలో రావిమొక్క తగాదా ఒకటి. పిట్టగోడ, స్లాబు కలిసేచోట పగులులో మొలిచింది. అమ్మ నరకనివ్వదు. మేస్త్రి పగులు విప్పి, వేరుతో సహా తీసి కుండీలో పెట్టాడు. అమ్మ దాన్ని శివాలయం పంతులుగారికి అప్పజెప్పి వచ్చింది. వేరు లోపల రెండడుగుల దాకా పాకింది. దైవభక్తి సరే, ఆకు రెండున్నప్పుడే తీసేస్తే అందరికీ సుఖం.

ఖర్చు? పెయింటరు చెప్పినదానికి పది రెట్లు పైనే. అందులో ఎక్కువ భాగం ఎవరికీ కనబడని చోట పోయింది. తమ్ముడు సగం పంపాడు, డెవలప్‌మెంట్ మాట మాత్రం వదల్లేదు. ఇంకా ఎన్నేళ్ళొస్తుందని అడిగితే ఇంజినీరుగారు సంఖ్య చెప్పలేదు. వానాకాలానికి ముందు తూములు శుభ్రం చేయించమన్నారు, ఏడాదికోసారి సుత్తితో తట్టి చూడమన్నారు. సుత్తి కొన్నాను. వీధివైపు సన్‌షేడ్ కూడా డొల్లగానే మోగింది. దసరా వెళ్ళాక వస్తానన్నాడు మేస్త్రి, అడ్వాన్సు పుచ్చుకున్నాడు.