మే నెలలో గీజర్

విశాఖ ఉక్కపోతలో ఇంటిల్లిపాదీ చన్నీళ్లు కుమ్మరించుకుంటుంటే నేను మాత్రం గీజర్ వేసుకుని గంటలు గంటలు బాత్‌రూమ్‌లో ఉండేవాణ్ణి. ఒళ్లు కందిపోయేంత వేడినీళ్లు పడితేనే కడుపులో మెలితిప్పడం ఆగేది. ట్యాప్ కట్టేస్తే మళ్లీ డోకులు.

కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ తిరగబెట్టేది. అమ్మ వాము నీళ్లు తాగించింది, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. గ్యాస్ట్రిక్ అని పరగడుపున మాత్ర రాశారు. ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మలే. "టెన్షన్ తగ్గించుకో బాబూ" అన్నారు. నేను టెన్షన్ తగ్గడానికని తాగేదే గంజాయి!

చివరికి మంచినీళ్లు కూడా నిలవక, పిక్కలు పట్టేసి అడ్మిట్ అయ్యాను. పొటాషియం పడిపోయింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. వాంతులకి వాడే ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్‌కీ లొంగలేదు. నైట్ డ్యూటీ డాక్టరమ్మ వచ్చి, వేడినీళ్ల స్నానంతో హాయిగా ఉంటోందా అని అడిగింది. అవునన్నాను. అమ్మని కొబ్బరి బొండాం తెమ్మని కిందికి పంపి, "గంజాయి ఎన్నాళ్ల నుంచి?" అంది. ఇంజినీరింగ్ రెండో ఏడు నుంచి, దాదాపు రోజూ. అంతకుముందు డాక్టర్లు మందూ సిగరెట్టూ అలవాటుందా అని అడిగేవారు, అదీ అమ్మ ముందే. అలా అడిగితే ఎవడు చెబుతాడు?

దీని పేరు కానబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్ అట, అంటే గంజాయి వల్ల వచ్చే ఆగని వాంతులు. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు మొదటిసారి రాశారు. నేను ఒప్పుకోలేదు. కీమో వాంతులకి గంజాయిలోని టీహెచ్‌సీనే మందుగా ఇస్తారు కదా, అమెరికాలో 1985లోనే అనుమతించారు కదా అని వాదించాను. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లలో కొందరికి అదే తిరగబడుతుందంది. వేడినీ మిరప కారాన్నీ పసిగట్టే గ్రాహకం ఒకటేనట. అందుకే పొట్ట మీద కాప్సైసిన్ (మిరపలో కారానికి కారణమైన పదార్థం) క్రీమ్ రాస్తే కొందరికి ఉపశమనం. అమ్మ మిరపకాయలు సరైనవే తెచ్చింది, తల చుట్టూ తిప్పింది అంతే.

సెలైన్లతో లేచి కూర్చున్నాను. అసలు వైద్యం మానెయ్యడమే. అది ఆసుపత్రిలో కన్నా ఇంట్లో కష్టమైంది. నిద్ర పట్టదు, పడితే పిచ్చి కలలు. దిండు తడిసేలా చెమట. అన్నం గిన్నె చూస్తే విసుగు, పలకరిస్తే కోపం. రెండు వారాలకి అవి నెమ్మదించాయి. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుని మెల్లిగా పోతుందట, అందుకే కాబోలు వికారం మరికొన్నాళ్లు వెంటాడింది. గంజి, చారన్నం, తర్వాత పప్పు. ఆవకాయ దాకా రావడానికి వానాకాలం పట్టింది.

పోలీసుల భయంతో డాక్టరు దగ్గర దాచే స్నేహితులు నాకింకా ఉన్నారు. తాగినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడ్డ, మత్తుకి బానిసైనవాడు తనంతట తాను చికిత్సకి వస్తే, మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ కోర్టు విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయవచ్చు.