మలేరియా, మెడికల్, హెలికాప్టర్ ఉద్యోగం: నా అనుభవం

హెలికాప్టర్ పైలట్ ఉద్యోగానికి చేసే ఆరోగ్య పరీక్షలో మొన్న సాయంత్రం ‘ఫిట్’ అని కాగితం చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. ఆగితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

మాది సిరోంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఊరు దాటితే హిందీ. జిల్లా కేంద్రానికి పోవాలంటే అడవి దారిలో దాదాపు రెండు వందల కిలోమీటర్లు. నాగపూర్ ఇంకా దూరం. అందుకే పెద్ద జబ్బు చేస్తే మా వాళ్ళు నది దాటి మంచిర్యాలకో వరంగల్‌కో పోతారు. ఉత్తరాఖండ్‌లో ఋషికేశ్ ఎయిమ్స్ నుంచి 2024 అక్టోబర్ 29న ఉచిత హెలికాప్టర్ అంబులెన్స్ మొదలైంది. మా వైపు మాత్రం వానాకాలంలో దారులు తెగితే పోలీసు హెలికాప్టరే దిక్కు. నిండు గర్భిణులను కూడా అందులోనే తీసుకుపోయిన సందర్భాలున్నాయి. నాకు పైలట్ అవ్వాలన్న పిచ్చి పట్టింది కూడా వాటిని చూసే.

పైలట్ లైసెన్సు పరీక్షల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. చదివితే వస్తాయి. హెలికాప్టర్ కమర్షియల్ లైసెన్సుకు 150 గంటలు ఎగరాలి. దానికి బాపు రెండెకరాలు అమ్మాడు, మిగతాది బ్యాంకు లోను. లైసెన్సు వచ్చాక ఉద్యోగం కోసం తిరగడం మాత్రం నరకం. ఎక్కడికెళ్ళినా ఆర్మీ నుంచో ఎయిర్‌ఫోర్స్ నుంచో రిటైరై వచ్చి, వేల గంటల అనుభవంతో కూర్చున్న వాళ్ళే కనిపిస్తారు. మనల్ని చూసి “గంటలు పెంచుకుని రా” అంటారు. ఉద్యోగం లేకుండా గంటలు ఎలా పెరుగుతాయో ఏ ఒక్కరూ చెప్పరు.

చివరికి పేషెంట్లను తరలించే ఒక కంపెనీ కో-పైలట్‌గా తీసుకుంది. ఇంటర్వ్యూలో కెప్టెన్ గారు అడిగారు: “చిన్న పిల్ల, ప్రాణాపాయం. మబ్బులు బాగా కిందికున్నాయి. వెళ్తావా?” “పిల్ల సంగతి నాకెందుకు చెప్పారు సార్?” అన్నాను. ఈ పనిలో పద్ధతిగా నడిచే చోట పేషెంట్ ఎవరు, ఏమైంది అన్నది పైలట్‌కు ముందు చెప్పరు. వాతావరణం చూసి వెళ్ళగలమా లేదా అన్నది ముందు తేల్చాలి. పిల్ల అని వింటే మనసు మబ్బులోకి దూరమంటుంది. అప్పుడు పిల్లతో పాటు నర్సూ డాక్టరూ కూడా పోతారు. ఆ జవాబుతోనే ఉద్యోగం వచ్చిందని నా నమ్మకం. కెప్టెన్ గారు మాత్రం “జీతం తక్కువ అడిగావు, అందుకు” అంటారు.

ఆఫర్ లెటర్ వచ్చింది. మిగిలింది మెడికల్ రెన్యువల్, అంటే ఎగరడానికి ఒళ్ళు బాగుందని మళ్ళీ పరీక్ష చేయించుకోవడం. కమర్షియల్ పైలట్‌కు క్లాస్ వన్ మెడికల్ ఉండాలి, నా వయసు వాళ్ళకు ఏడాదికోసారి. నా ఖర్మకొద్దీ ఆ ముందు ఇంటికి వెళ్ళినప్పుడు జ్వరం పట్టుకుంది. ఆశా అక్క వేలు గుచ్చి కిట్ మీద చుక్క వేస్తే కాసేపట్లో గీత పడింది. వైవాక్స్ మలేరియా. 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు ఒక్క పూట మానకుండా మింగాను. మెడికల్ ఫారంలో ఈమధ్య జబ్బేమైనా చేసిందా అని అడిగిన చోట అదే రాశాను. “రాయకురా, వాళ్ళకేం తెలుస్తుంది” అన్నాడు నా బ్యాచ్‌మేట్. రాశాను. మళ్ళీ వచ్చినా రాస్తాను. రేపు గాల్లో నా మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడుతుంటే ఫారంలోనే అబద్ధం మొదలుపెట్టేవాడు ఈ పనికి రాడు.

మెడికల్ చేసే డాక్టర్ గారు ఫారం చూసి, “గడ్చిరోలీనా? నక్సలైట్ల జిల్లా కదా! అక్కడి నుంచి పైలటా?” అని నవ్వాడు. చొక్కా విప్పి పడుకోమన్నాడు. ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. ఇంకోసారి పీల్చమన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. తలుపు తీసి జూనియర్లను కేకేశాడు: “రండి రండి, పుస్తకాల్లో చదవడమే కదా, మలేరియా జిల్లా ప్లీహం ఎలా ఉంటుందో చేత్తో చూడండి.” వాళ్ళు వరసగా వచ్చారు. ఒక్కొక్కరూ వేళ్ళు పెట్టడం, నేను ఊపిరి పీల్చడం. చొక్కా కొక్కేనికి వేలాడుతోంది, తలుపు బార్లా తెరిచే ఉంది, బయట బెంచీ మీద నాతోపాటు అదే కంపెనీలో సెలెక్ట్ అయిన ఇద్దరు కూర్చుని ఇటే చూస్తున్నారు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. ఒక అమ్మాయి మాత్రం “నొప్పిగా ఉందా అన్నా?” అంది. ఆ గదిలో నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే. స్కానింగ్‌లో ప్లీహం 13 సెంటీమీటర్లు దాటింది. టెంపరరీ అన్‌ఫిట్. ఎందుకు సార్ అంటే “రూల్” అన్నాడు. వెళ్ళబోతుంటే, “మీ ఊళ్ళో దోమతెరలు కట్టుకోరా?” అన్నాడు. నాట్లప్పుడు పొద్దుగూకేదాకా మడిలో వంగి ఉండేవాళ్ళకు తెర ఎవరు కడతారో ఆయనే వచ్చి చూపించాలి.

ఇంటికి ఫోన్ చేస్తే బాపు, “ఇంత జరానికి కొలువు పోతదా బిడ్డా?” అన్నాడు. పోదు బాపూ అన్నానే కానీ లోపల ఒకటే టెన్షన్. హెచ్‌ఆర్ నుంచి రోజూ అదే మెసేజ్, “స్టేటస్?” అని.

రివ్యూకు, అంటే మళ్ళీ చేసే మెడికల్‌కు, సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంకరపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) టెస్ట్ రిపోర్టు కూడా కావాలన్నారు. మా వైపు ఆ జబ్బు ఉన్నమాట నిజమే. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది కూడా. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేయించుకున్నాను, లేదని వచ్చింది. తీసుకెళ్తే కౌంటర్‌లో ఒకాయన కాగితం పట్టుకోకుండానే “ఆ ఊరి రిపోర్టు చెల్లదు, సిటీ ల్యాబ్‌ది తెండి” అన్నాడు. ఆ ఆసుపత్రి రాసిన రిఫరల్ మీద పేషెంట్‌ను తీసుకెళ్ళడానికి హెలికాప్టర్ దిగుతుంది. దాన్ని నడపబోయేవాడి రక్తం గురించి అదే ఆసుపత్రి రాస్తే మాత్రం చెల్లదట. డబ్బు కట్టి మళ్ళీ చేయించాను. అదే రిజల్ట్, ఖరీదైన కాగితం మీద.

ఆ ఖాళీ రోజుల్లో కెప్టెన్ గారు నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. నేల మీది పనికి పిలిచారు. హెలికాప్టర్ దిగే బడి గ్రౌండుకు ముందే వెళ్ళి, సున్నంతో హెచ్ అక్షరం గీయించి, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో తడిపించాలి. చుట్టుపక్కల టార్పాలిన్లు, రేకులు ఉంటే తీయించాలి. జనాన్ని తోక వైపు అస్సలు పోనివ్వకూడదు. వెనక తిరిగే రెక్క తిరుగుతున్నట్టు కంటికి ఆనదు. ఒక చోట పేషెంట్ కొడుకు తనూ ఎక్కుతానని నా కాలర్ పట్టుకున్నాడు. స్ట్రెచర్, డాక్టర్, ఆక్సిజన్ పెట్టాక చోటూ మిగలదు, మోయగల బరువూ మిగలదు. అది చెప్పి ఒప్పించేసరికి గొంతు పోయింది.

రివ్యూ వేరే చోట పడింది. అక్కడి డాక్టరమ్మ తలుపు వేసి, కుర్చీ చూపించి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది: ఉబ్బిన ప్లీహం సున్నితంగా ఉంటుంది, గట్టిగా దిగినప్పుడు బెల్టు కుదుపుకు చిట్లితే లోపలే రక్తం పోతుంది, మలేరియా తగ్గాక మామూలు సైజుకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, అందాకా ఆగమంటారు. ఎంత సేపు పట్టింది ఇది చెప్పడానికి? మొదటాయన ఇది చెప్పి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణే కాదు. ఈసారి స్కాన్ 12 సెంటీమీటర్ల లోపే వచ్చింది.

మలేరియా వచ్చి తగ్గినవాళ్ళకు ఒక్క మాట. చికిత్స కార్డు మీద ముద్ర, సంతకం వేయించి దాచుకోండి, నాకు డాక్టరమ్మ దగ్గర అదే పనికొచ్చింది. గేటు దగ్గర “మాట్లాడి ఫిట్ చేయిస్తా” అని వెంటపడే వాళ్ళకు ఒక్క రూపాయి ఇవ్వకండి. జూనియర్లను పిలిస్తే “నాకిష్టం లేదు సార్” అనండి. అనే హక్కు మనకుందని ఆ అమ్మాయే చెప్పింది, నేను బిల్లు కడుతుంటే వచ్చి.

సోమవారం జాయినింగ్. వచ్చే ఏడాది మెడికల్‌కు సెంటర్ మార్చుకుంటున్నానని హెచ్‌ఆర్‌కు ఇప్పుడే రాసి పెట్టాను.