ఆల్టిస్సిమో దిగుతుంటే కోయిలకొండ యాదికొచ్చింది

పోయిన సెప్టెంబర్ల ఇటలీ పోయి, గార్దా సరస్సు పక్కన ఉండే మోంతే ఆల్టిస్సిమో అనే కొండ సైకిల్ మీద ఎక్కి, 601 నంబర్ కాలిబాట పట్టుకొని దిగిన. వచ్చి నెల దాటింది గానీ మహబూబ్‌నగర్ల మా ఆదివారం సైకిల్ బ్యాచోళ్ళు కలిసినప్పుడల్లా "ఎట్లుండె అన్నా, చెప్పు" అని అడుగుతనే ఉన్నరు. ఫొటోలు చూపిస్తే వీడియోలు అడుగుతరు, వీడియోల ఏం తెలుస్తది, గుండె ఝల్లుమనే వాలు కూడా కెమెరాల పొలం గట్టు లెక్క కనిపిస్తది. అందుకే కూసొని రాస్తున్న.

మా బామ్మర్ది మ్యూనిక్‌ల ఉద్యోగం చేస్తడు, వాడే పిలిచిండు. సరస్సు 65 మీటర్ల ఎత్తుల ఉంటది, కొండ శిఖరం 2079. అంటే ఒక్క దినంల 2000 మీటర్లు ఎక్కాలె, మళ్ళ అంత దిగాలె. చీకటుండంగనే తోర్బోలె ఊర్ల బయలెల్లినం, 1600 మీటర్ల దాకా తారురోడ్డే, ఆ మీద కంకర దారి, మొదటి ప్రపంచ యుద్ధంల సిపాయిల కోసం వేసిందంట. పైన ఇప్పటికీ కందకాలు ఉన్నయి, ఆ కాలంల కింద సరస్సు ఒడ్డు ఆస్ట్రియా వాళ్ళది, పైన కొండ మీద ఇటలీ సైన్యం. ఎక్కుడు గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, తొక్కుకుంట పోవుడే. శిఖరం కింద ఉన్న సత్రంల పోలెంటా పెట్టిండ్రు, అది మన మక్క గట్కనే, ఒక్క ముద్ద నోట్ల పెట్టంగనే మా అమ్మమ్మ ఇల్లు కండ్ల ముందటికొచ్చింది.

అసలు కథ దిగుడుల ఉంది.

ఆల్ప్స్ దిక్కు బాటలకు ఎస్0 నుంచి ఎస్5 దాకా గ్రేడ్లు ఉంటయి. ఎస్0 అంటే మన చెరువు కట్ట. ఎస్3 కాడికొచ్చేసరికి పెద్ద పెద్ద రాళ్ళు, ఎత్తు మెట్లు, సైకిల్ పొడుగు కూడా సరిపోని మలుపులు వస్తయి. 601ల కొన్ని జాగలు అట్లాంటియే. మలుపుల కాడ ఆ విద్య తెలిసినోళ్ళు ముందు బ్రేక్ పట్టి, వెనక చక్రం గాల్లోకి లేపి పక్కకు తిప్పుకుంటరు, మా బామ్మర్ది అట్లనే తిప్పిండు. నాకు ఇంకా రాదు, పది మలుపులల్ల నాలుగింటికి దిగి నడిచిన. అక్కడ తప్పు పడితే కింద ఆపేటిదేం లేదు, కాబట్టి నడవాల్సిన కాడ నడవాలె, ఆ మాట గట్టిగ చెప్తున్న.

రాయి గురించి జర చెప్పాలె. మన మహబూబ్‌నగర్ జిల్లాల కోయిలకొండ దిక్కు బండలు గ్రానైట్, గరుకు, ఎండిన బండ మీద టైరు ఉప్పుకాగితం మీద పెట్టినట్టు పట్టుకుంటది. అక్కడిది సున్నపురాయి, మెత్తది, ఏండ్లకేండ్లు జనం నడిచి నడిచి నున్నగ అయింది, అడవిల నీడ పడ్డ కాడ తడి ఆరది, పైన రాలిన ఆకులు. నేను నమ్ముకున్న బండ వేరు, నా కింద ఉన్న బండ వేరు.

ఇగ నేను పడింది మాత్రం రాయి వల్ల కాదు, చెయ్యి వల్ల. మన దేశంల సైకిల్‌కు కుడి చేతిది ముందు బ్రేక్, ఎడమది వెనకది. ఇటలీ, జర్మనీలల్ల ఉల్టా, ఎడమదే ముందు. కిరాయి సైకిల్ తీసుకున్న రోజే ఈ సంగతి తెలుసు, పార్కింగ్ జాగల అరగంట అటూ ఇటూ తిరిగి ప్రాక్టీస్ చేసిన, వచ్చేసింది అనుకున్న. సాఫ్ దారిల వచ్చింది కూడా. కానీ అడవిల ఒక తడి మలుపు కాడ వెనక చక్రాన్ని జర ఆపుదామని వేలు మెల్లగ ఒత్తిన, ఇరవై ఏండ్ల అలవాటు, ఎడమ వేలే ఒత్తింది, ముందు చక్రం ఆకుల మీద సర్రున జారింది. అదృష్టం బాగుండి కొండ వైపు పడ్డ. మోచేతి ప్యాడ్ చీరుకపోయింది, మణికట్టు కాడ తోలు లేచింది. పై మలుపుల నుంచి "బావా, లేవకు, అట్లనే ఉండు" అని వాడు ఒర్లుకుంట సైకిల్ అక్కడనే పడేసి ఉరికొచ్చిండు.

దెబ్బకు టేపు చుట్టంగ ఇంత మిగిలింది. ఆ తెల్ల టేపును ఎడమ బ్రేక్ లివర్‌కు, సరిగ్గ వేలు ఆనే కాడ, మూడు చుట్లు చుట్టిన. లివర్ నున్నగ ఉంటది, టేపు గరుకు. వేలుకు గరుకు తగలంగనే 'ఇది ముందుది' అని మతికొస్తది, కండ్లు దారి మీదికెళ్ళి తీసే పని లేదు. కిందికి చేరేదాకా మళ్ళ ఆ తప్పు జరగలే.

బ్రేకుల వేడి ఇంకో సంగతి. మనిషి, సైకిల్, బ్యాగు కలిపి 100 కిలోలు అనుకోండ్రి, 2000 మీటర్లు దిగితే పుట్టే వేడి దాదాపు 6 లీటర్ల నీళ్ళు మరగబెట్టేటంత. అందుల ఎక్కువ భాగం చక్రాలకుండే రెండు సన్నటి బ్రేక్ డిస్కుల మీదనే పడుతది. ఒకసారి ఆగి నీళ్ళు తాగుతుంటే రెండు చుక్కలు డిస్కు మీద పడ్డయి, జొన్నరొట్టె మీద తడి చెయ్యి అద్దినప్పుడు పెనం చుర్రుమన్నట్టు చుర్రుమన్నయి. కిందికి వచ్చేసరికి వెనక లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుండె, లివర్ ఒత్తుడును చక్రం కాడికి మోసేది బ్రేక్ లోపలి ఆయిలే, అది మరిగితే బుడగలు లేస్తయి, ఆ గాలిని ఎంత ఒత్తినా బ్రేక్ ప్యాడ్ కదలది. కూసొని చల్లారనిస్తే తిరిగొచ్చింది. పొడుగు వాలుల ఊరికే బ్రేక్ పట్టుకొని దిగొద్దు, గట్టిగ పట్టి విడువాలె, మళ్ళ పట్టాలె, నడుమ నడుమ ఆగాలె.

చివరికి జైతూన్ చెట్ల నడుమ ఎండల పడి తోర్బోలెకు దిగినం. అప్పటికే దక్షిణం గాలి లేచింది, అక్కడోళ్ళు దాన్ని ఓరా అంటరు, సరస్సు నిండా తెరచాపలే. ఇద్దరం బూట్లు ఇప్పి కాళ్ళు నీళ్ళల్ల పెట్టి చానాసేపు ఏం మాట్లాడలే.

మా బ్యాచ్‌ల ముగ్గురు వచ్చే ఎండాకాలం పోతమంటున్నరు. వాళ్ళ కోసం డిసెంబర్ల నా సైకిల్ హైదరాబాద్ తీసుకపోయి రెండు లివర్లూ ఉల్టా మార్పిస్తున్న. అర్ధగంట ప్రాక్టీస్‌కు చెయ్యి మారది తమ్ముండ్లారా, నెలలు పడుతది. ఆదివారం పొద్దుగాల 6 గంటలకు కోయిలకొండ కింద ఉంట, టేపు నేనే తెస్త.