మళ్ల గదే పెడ్తరా సారూ?

జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా పిల్లల్లో సగం మంది పొద్దున చాయ్, బిస్కెట్లతో బడికొస్తారు. పదకొండు కొట్టేసరికి బల్లమీద తల వాలుస్తారు. అది చూడలేక, చిరుధాన్యాల సంవత్సరమైన 2023లో పిల్లలకు మన పాత తిండి అలవాటు చేయాలని మొదలుపెట్టాను.

మొదటిసారి తప్పు నాదే. 5 కిలోల కొర్రలు కొని ఒక శనివారం వండించాను. ముందే నానబెట్టాలని చెప్పలేదు. బియ్యంలాగే కడిగి ఎసట్లో పోశారు, పలుకు పలుకుగా ఉండిపోయింది. రెండు ముద్దలు తిని పిల్లలు కంచాలు పక్కకు నెట్టారు. ఒక పాపకు కడుపునొప్పి వచ్చింది. సోమవారం వాళ్లమ్మ గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది: "మేం గటక తిని పెరిగినం సారూ. పిల్లలన్న తెల్లన్నం తినాలని కూలికి పోతున్నం. మళ్ల గదే పెడ్తరా?" గటక అంటే జొన్నరవ్వతో వండే ముద్ద.

ఆ మాట చాలా రోజులు తొలిచింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చేదాకా ఇక్కడి పేద ఇళ్లలో వరి అన్నం పండగనాటి తిండి. ఆమెకు గటక అంటే కరువు రోజులు. నేనేమో కాల్షియం గురించి చెప్పాను.

అందుకే ఈసారి అవ్వలను పిలిచాను. ఒక అవ్వ గిర్నీలో అప్పుడే పట్టించిన పచ్చజొన్న పిండి తెచ్చింది. పాత పిండైతే రొట్టె విరిగిపోతుందట. జొన్నకు గోధుమలా జిగురు ఉండదు కాబట్టి సలసల కాగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా అరచేత్తో నలిపి నలిపి ముద్ద చేసింది. అరచేత్తో తడుతూ తిప్పుతుంటే రొట్టె చంద్రుడిలా పెరిగింది. పెనం మీద వేసి తడిగుడ్డతో పైన నీళ్లు అద్దింది. తిప్పేసి నిప్పుల మీద పెట్టగానే బుస్సున పొంగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వేడిరొట్టె, పల్లీల పొడి. ఒక్క ముక్క మిగల్లేదు. ఆ అవ్వ మనవరాలు "మా అవ్వనే చేసింది" అని అందరికీ చెప్పుకోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాత పని సులువైంది. ఏడింటికే కూలికి పోయే తల్లులకు రోజూ రొట్టెలంటే కుదరదు. వాళ్లకు తైదంబలి, అంటే రాగి అంబలి, చెప్పాం: రాత్రి పిండి నీళ్లలో కలిపి పెడితే పొద్దుటికి పులుస్తుంది, ఉడకబెట్టి చల్లార్చి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేస్తే చాలు. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని అప్పుడు చెబితే శ్రద్ధగా విన్నారు. కొర్రల మాట మాత్రం ఇక ఎత్తలేదు. ఆ ధర వాళ్లకు భారం.

అందరూ మారలేదు. చాయ్, బిస్కెట్లతో వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ గేటు దగ్గర నన్ను నిలదీసిన ఆ తల్లి మొన్న వానాకాలం కంది సాళ్ల మధ్య పచ్చజొన్న వేసింది. గింజ పాలుపోసుకున్నాక ఒకరోజు పాప కాగితం పొట్లం తెచ్చి నా బల్లమీద పెట్టింది. కంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం, ఇంకా వెచ్చగానే ఉంది. "అమ్మ మీకియ్యమంది సార్" అంది.